కారుకు అక్క బరువు

"ఇగ నేనా కారెక్కను," అంది కొండమ్మక్క.

తుంటి ఎముక ఆపరేషన్ అయ్యాక రెండుసార్లు ఆమెను ఆ కారు వెనక సామాను జాగాలో పరుపు వేసి, పడుకోబెట్టి దవాఖానకు తీసుకుపోయాం. పాత కారు. గుంత వస్తే చాలు, వెనక భాగం ఎగిరి దబ్బున పడేది. అక్క ప్రాణం విలవిలలాడేది. మర్నాడు మళ్లీ పోవాలి. ఎముక సరిగా అతుకుతోందో లేదో డాక్టరు చూడాలి. ఈసారి పోకపోతే ఆమె మళ్లీ లేచి నడవదేమోనని నా భయం.

ఎయిర్‌పోర్టు వచ్చినప్పటి నుంచి మా సాతంరాయి రోడ్డు మీద కార్లు పోతూనే ఉంటాయి. విమానమెక్కి దూరం పోయేవాళ్లు వాటి అద్దాల్లోంచి వెనక్కి తిరిగి చూసే ముఖాలు చూసి చూసి, ఎవరు బండెక్కినా ఇక తిరిగి రారేమో అనిపిస్తుంది నాకు.

అక్క కొడుకు జగన్ మెకానిక్ రహీంను ఇంటికే పిలిపించాడు. రహీం వాకిట్లో కారు వెనక భాగాన్ని జాకీతో లేపి, చక్రాలు ఊడదీశాడు. కుదుపులాపే షాకప్‌లు నూనె కారిపోయి ఉంటే, తీసి పక్కన పెట్టాడు. అరిగిపోయిన రబ్బరు బుష్షు ఒకటి నా చేతికిచ్చాడు. వేలితో నొక్కితే నల్లటి పొడి రాలింది.

"ఇంత చిన్నదా అంత బండిని మోసేది?"

"గదే మోస్తదమ్మా. మనకు మోకాలి చిప్ప తీరు."

కొత్తవన్నీ వేశాడు. కానీ బుష్షుల నట్లు వదులుగానే ఉంచి, చక్రాలు పెట్టి, వాటి కింద చెక్క దిమ్మెలుంచి కారును దించాడు.

"బిగించవేందన్నా?" అన్నాడు జగన్.

"చక్రాలు గాలిల ఉన్నప్పుడు బిగిస్తే, కిందికి దించినంక రబ్బరు మెలిపడ్తది. పోయినసారి ఎవరో గట్లనే బిగించిన్రు, చిరిగింది. రోజూ మోసే బరువు పెట్టి బిగియ్యాలె. ఇసుక సంచులున్నయా?"

లోపల మంచం మీద నుంచి అక్క మాట వినిపించింది. "మోసేది నన్నయితే ఇసుకెందుకు? నన్నే పెట్టుండ్రి."

"ఎక్కనంటివి గదమ్మా," అన్నాడు జగన్.

"యాడికన్న పోతున్ననా? తూకం రాయి లెక్క పండుకుంటా."

రహీం నవ్వాడు. "నువ్వు పిట్టంత ఉన్నవమ్మా. పక్కన చెల్లె గూడ కూసోవాలె."

"దాన్నెక్కిస్తే కారు నేలకానుతది."

పరుపుతో సహా ఎత్తి అక్కను కారులో పడుకోబెట్టారు. నేను పక్కన ఒదిగి కూర్చున్నాను. కారు మెల్లగా కుంగి, మా ఇద్దరినీ తెలుసుకున్నట్టు ఒకచోట ఆగింది. కింద రహీం పానా తిప్పుతుంటే ఆ బిగువు పరుపులోంచి నా వెన్నుకు తెలిసింది. మనుషుల్ని దూరం చేసేదే బండి అనుకుంటూ బతికాను. ఇప్పుడు ఇంత ఇనుము, ఇంత రబ్బరు మా బరువుకు ఒదుగుతున్నాయి. పైన విమానం పోతోంది. నేను కింది చప్పుడే విన్నాను.

రహీం బయటికొచ్చి చేతులు తుడుచుకున్నాడు. "అయింది. జర నడిపి చూద్దాం, మీరు దిగుండ్రి."

"మమ్మల్ని దించి ఏం చూస్తవ్?" అంది అక్క. "ఆ మోరీ దిక్కు పోనియ్."

జగన్ కారును దిమ్మెల మీంచి మెల్లగా దించి, సందులోకి నడిపాడు. మురుగుకాలువ మోరీ దగ్గరి గుంత రాగానే నేను కళ్లు మూసుకున్నాను. వెనక భాగం లేచింది. తర్వాత, నీళ్ల మీద ఆకులా, మెత్తగా దిగింది.

కళ్లు తెరిచాను. అక్క కిటికీలోంచి ఎవరి గోడ మీదో ఆరేసిన చీరలు చూస్తోంది.

"రేపు ఎన్నింటికి పోవాలెరా?" అని జగన్‌ను అడిగింది.