గలేబు మార్చారా?

లాడ్జి మంచం మీద పరిచిన దుప్పటి మన కోసం పరిచిందేనా, లేక మనకు ముందు పడుకుని వెళ్లినవాడి కోసం పరిచిందా? దర్జీ ఈ అనుమానాన్ని ఇరవై ఏళ్లుగా మోస్తున్నాడు. పెళ్లయిన కొత్తలో భార్యతో ఎక్కడికో వెళ్లినప్పుడు, మల్లెపువ్వులా మెరుస్తున్న లాడ్జి దుప్పటి మీద చెయ్యి వేసి టక్కున వెనక్కి తీసుకున్నాడు. చూపుకి బాగానే ఉంది, వేళ్లకి నచ్చలేదు. ఉతికి ఆరేసిన గుడ్డకి ఒక బిరుసు ఉంటుంది. ఒక్క రాత్రి మనిషి దొర్లితే చాలు, ఆ బిరుసు విరిగిపోతుంది. పొద్దస్తమానం గుడ్డ మీదే చెయ్యి ఉండేవాడికి ఇది ఒకరు చెప్పక్కర్లేదు. అప్పటినుంచి ఏ ఊరు వెళ్లినా సొంత దుప్పటీ సొంత గలేబూ ఒక సంచిలో వెంట ఉండాల్సిందే.

"మనకి రెండు సంచులు. ఒకటి బట్టలకి, ఒకటి మీ అనుమానానికి" అని భార్య దెప్పుతూ ఉండేది.

ఈసారి ఆ రెండో సంచి తేలేదు. ఆమె కంటికి పరీక్ష చేయించి సాయంత్రం బస్సుకి తిరిగి వచ్చేద్దామని చేతులూపుకుంటూ వచ్చారు. డాక్టరమ్మ లైటు వేసి చూసి, "శుక్లం బాగా ముదిరింది. రేపు పొద్దున్నే తీసేద్దాం. నాలుగు రోజులు ఇక్కడే ఉండండి" అంది. చిన్నప్పుడు దెబ్బ తగిలి కుడి కన్ను ఎప్పుడో పోయింది. ఆమెకి ఉన్నదల్లా ఈ ఎడమ కన్నే. "ఆపరేషన్ చేసే పూచీ నాది. తర్వాత చీము పట్టకుండా చూసుకునే పూచీ మీది. దిండు గలేబు రోజూ ఉతికింది వెయ్యాలి. మర్చిపోకండి" అని డాక్టరమ్మ అతని వైపు వేలు చూపించి మరీ చెప్పింది.

ఆసుపత్రి ఎదురుగా ఉన్న లాడ్జిలో గది తీసుకున్నారు. పన్నెండో నంబరు. దర్జీ తాళంచెవి అందుకోకముందే అడిగాడు.

"గలేబు రోజూ మారుస్తారా?"

"రోజూ మారుస్తాం సార్" అన్నాడు మేనేజరు, రిజిస్టరు మీంచి తల ఎత్తకుండా.

"నిజంగానా?"

మేనేజరు ఈసారి తల ఎత్తాడు. "నా మాట మీద నమ్మకం లేకపోతే మా పనావిడని అడగండి. ప్రాణం పోయినా అబద్ధమాడదు. ఆవిడతో మాకు అదే తలనొప్పి."

పనావిడ నడివయసు మనిషి. మెట్లు తుడుస్తున్నంతసేపూ పెదాలు దేవుడి పేరు తలుచుకుంటూ కదులుతూనే ఉన్నాయి. రోజూ తెల్లవారుజామున లేచి దేవుడికి దండం పెట్టుకోనిదే మిషను తొక్కని దర్జీకి ఆమెని చూడగానే కాస్త ఊరట కలిగింది. అయినా మనసులో పురుగు తొలుస్తూనే ఉంది.

మర్నాడు ఆపరేషన్ అయింది. మధ్యాహ్నానికి కంటికి కట్టుతో భార్యని నడిపించుకుని గదికి తెచ్చి పడుకోబెట్టాడు. ఆమె కునుకు తీయగానే చొక్కా కాలరు మడతలోంచి సూది తీశాడు. జేబులో ఎర్రదారం ముక్క ఉంది. దిండు గలేబు లోపలి అంచున, ఎవరి కంటికీ ఆనని చోట, చిన్న ముడి వేశాడు.

"ఏం చేస్తున్నారు?" అంది భార్య. ఆమెకి నిద్ర పట్టలేదన్నమాట.

"ఏం లేదు. కుట్టు ఊడింది, సరిచేస్తున్నా."

"ఒంటి కన్నుకి కట్టు కట్టినా మీరు అబద్ధం ఆడుతుంటే కనపడుతుందండీ నాకు."

మూడో రోజు పొద్దున ఆసుపత్రిలో కట్టు విప్పారు. ఆమె మొదట గోడ మీది గడియారాన్ని చూసింది, తర్వాత అతన్ని. "జుట్టు ఇంత నెరిసిందేమిటండీ, ఎప్పుడు జరిగిందిది?" అంది. దర్జీకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. డాక్టరమ్మ చుక్కల మందు ఎలా వెయ్యాలో చూపించి, "లాడ్జిలో ఎందుకు, ఊళ్లో చుట్టాలెవరూ లేరా? ఇంట్లో పక్క అయితే నాకూ నిశ్చింత" అంది.

దర్జీ మందు చీటీ జేబులో పెట్టుకున్నాడు. రోడ్డు దాటాక భార్య ఆగింది.

"మా అక్కయ్య ఇల్లు రెండు సందుల అవతలే."

"తెలుసు."

"తెలిసీ లాడ్జికి తీసుకొచ్చారు."

"ఏ మొహం పెట్టుకుని వెళ్లమంటావు?"

పన్నెండేళ్ల కిందట ఆ ఇంట్లో, హాలు నిండా చుట్టాలు కూర్చుని ఉండగా, దర్జీ మంచం మీది దుప్పటి కొస పట్టుకుని, "వదినా, దీన్ని ఉతికి ఎన్నాళ్లయింది?" అని అడిగాడు. ఎవరో పక్కున నవ్వారు. వదిన దుప్పటి తీసేసి మరొకటి పరిచింది. కళ్లు మాత్రం అతని వైపు తిప్పలేదు. ఆ రోజునుంచి అతను ఆ గుమ్మం తొక్కలేదు.

"ఒక్క మాట బాకీ పడ్డారు మీరు" అంది భార్య. "దానికి పన్నెండేళ్ల వాయిదానా?"

దర్జీ ఆమె చెయ్యి పట్టుకుని మెట్లెక్కించాడు.

గదిలోకి రాగానే అతను చేసిన మొదటి పని దిండు గలేబు తిరగేయడం. ఎర్ర ముడి లేదు. అంచంతా వేలితో తడిమాడు. ఎక్కడా లేదు. అంటే నిజంగానే మార్చారు. ఊరికే అనుమానపడ్డానే అని మనసులోనే లెంపలు వేసుకున్నాడు. కానీ గలేబు మీద అరచెయ్యి ఆన్చేసరికి పాత గొడవే. మెత్తగా ఉంది. ఉండాల్సినదానికంటే మెత్తగా.

వరండాలో చీపురు పట్టుకున్న పనావిడని పిలిచాడు.

"అమ్మా, మా గదిలో గలేబు మార్చారా?"

"మార్చానండి."

"దుప్పటో?"

"అదీ మార్చానండి. దేవుడి మీద ఒట్టు."

ఒట్టు కూడా వేసింది కదా, ఇంకేం కావాలి? కావాల్సింది ఏదో ఉంది. ఆమె ఒట్టయితే వేసింది కానీ, వేస్తున్నప్పుడు నేల చూపులు చూసింది. దర్జీ గదిలోకి వచ్చి ఈసారి నీలిదారం ముడి వేశాడు. ఆ దిండు మీదే భార్య కట్టు లేని కంటితో పడుకుంది.

నాలుగో రోజు పొద్దున ఆసుపత్రిలో చూపించుకుని వచ్చేసరికి గది ఊడ్చి ఉంది. మంచం నలగకుండా, గీత గీసినట్టు సర్ది ఉంది. గలేబు తిరగేశాడు. నీలి ముడి లేదు.

ఎర్ర ముడి ఉంది.

దర్జీ దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లాడు. తన ముడే. రెండు చుట్లు, కొస పళ్లతో కొరికిన గుర్తు. పక్కనే మొన్న కట్టు కిందినుంచి కారిన మందు మరక, పసుప్పచ్చగా, చెక్కు చెదరకుండా. నీళ్ల మొహం చూసిన గుడ్డ కాదది. మరి ఇరవై నాలుగు గంటలూ ఇది ఎక్కడ కాపురం చేసి వచ్చింది? తన నీలి ముడి ఇప్పుడు ఎవరి తల కింద ఉంది?

"ఏమండీ, కంట్లో నీళ్లు కారుతున్నాయి" అంది భార్య వెనకనుంచి.

అతను భార్యని కుర్చీలో కూర్చోబెట్టి, దిండు తాకొద్దని చెప్పి, దాని గలేబు ఊడదీసి పట్టుకుని పక్కగది తలుపు తట్టాడు. పదమూడో నంబరు తలుపు తీసిన పెద్దాయన నల్ల కళ్లద్దాలు నుదుటి మీదికి ఎత్తాడు. రెండు కళ్లూ నిప్పుకణికల్లా ఉన్నాయి. రెప్పల అంచుల్లో పుసి కట్టి ఉంది.

"దూరంగా ఉండు నాయనా. కళ్లకలక. అంటుకుంటుంది" అన్నాడు.

"మీ దిండు ఒకసారి చూడాలి తాతగారూ."

"చూసుకో. దిండులో నేనేం దాచుకోలేదు."

దర్జీ రెండు వేళ్లతో గలేబు అంచు తిప్పాడు. నీలి ముడి కనపడింది. కిందికి వెళ్లి గొడవ పెట్టుకోవాలనిపించలేదు. వరండా చివర బకెట్టు పిండుతున్న పనావిడ దగ్గరికే వెళ్లాడు.

"ఒట్టు వేశారు కదమ్మా."

ఆమె అతని చేతిలో గలేబు చూసింది. గుడ్డ బకెట్లోకి జారవిడిచింది.

"మార్చానండి. అబద్ధం ఆడలేదు" అంది నెమ్మదిగా. "పన్నెండోది పదమూడుకి, పదమూడోది పన్నెండుకి. రోజూ మారుస్తాను. లాండ్రీ బండి వారానికి ఒక్కసారే వస్తుంది. మొదట్లో మేనేజరుగారు, మార్చకపోయినా మార్చానని చెప్పెయ్యి అన్నారు. నా నోటితో అబద్ధం రాదండీ అన్నాను. మర్నాడు ఆయనే పిలిచి, సరే, ఈ గదివి ఆ గదికి మార్చెయ్యి, అప్పుడు మార్చానని చెప్తే నిజమేగా అన్నారు. నాకూ నిజమే అనిపించింది."

"ఇప్పుడేమనిపిస్తోంది?"

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది. "ఒట్టు వేసినప్పుడల్లా ఇంటికెళ్లి దీపం దగ్గర కూర్చుంటే నోట మాట రాదండి. తప్పు నాదో కాదో తెలియక. అమ్మగారి కంటికి ఏమైనా అయిందా?"

దర్జీకి కోపం రావాలి. రాలేదు. దేవుడి దగ్గర కూడా మాటని ఇలా సాగదీసి కొలవొచ్చా అని అతనికీ సందేహం కలిగింది. తను మాత్రం? "పరాయి పక్క మీద నాకు నిద్ర పట్టదు" అని ఇన్నేళ్లుగా వదిన ఇంటికి వెళ్లకుండా తప్పించుకుంటున్నాడు. అందులోనూ అబద్ధం లేదు. నిజమూ లేదు.

"ఆ తాతగారికి ముందు మంచి గలేబు వెయ్యండి. మేనేజరు ఏమన్నా అంటే నా పేరు చెప్పండి" అని గదిలోకి వెళ్లాడు.

డాక్టరమ్మ మళ్లీ లైటు వేసి చాలాసేపు చూసింది.  "ఇవి చుక్కల మందు వేసినప్పుడు వచ్చే నీళ్లే. కలక ఇంకా సోకలేదు. అదృష్టం. మందు మారుస్తున్నాను. ఈ రాత్రి మాత్రం ఆ లాడ్జిలో ఉండొద్దు" అంది. బయటికి వచ్చాక దర్జీ భార్యని అడగలేదు, బస్సు సంగతి ఎత్తలేదు. రెండు సందులు దాటి ఆగాడు.

తలుపు తీసిన వదిన చెల్లెలి కంటి వైపు చూసి, చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించింది. అతను గుమ్మం బయటే ఆగాడు.

"లోపలికి రండి మరిదిగారూ. మంచం మీద కాదులెండి, కుర్చీ ఉంది."

వదిన బీరువా తెరిచి దుప్పటీ గలేబూ తీసి అతని ముందే దులిపింది. పరచబోతూ ఆగి, గలేబు అతని వైపు చాచింది. "తడిమి చూస్తారా?"

"వద్దు వదినా."

"చూడండి. పోయేదేముంది."

"వదినా, ఆ రోజు నలుగురిలో అలా అడిగి ఉండకూడదు. తప్పు నాది. ఇన్నేళ్లకి చెప్తున్నాను."

వదిన దిండుకి గలేబు తొడిగి, మూలలు లాగి, మంచం మీద పెట్టింది. చెల్లెల్ని పడుకోబెట్టి దాని మీద తల సర్దింది.

"ఆ దుప్పటి ఉతకలేదు" అంది వెనక్కి తిరక్కుండానే. "మూడు రోజులు కుళాయి రాలేదు. చుట్టాలు చెప్పకుండా వచ్చి పడ్డారు. మీ వేళ్లు తప్పు చెప్పలేదు."

"అది నాకు అప్పుడే తెలుసు వదినా. నేను క్షమించమంటున్నది దానికి కాదు."

"అదీ నాకు తెలుసు" అని వదిన, రెండో దిండు తీసి అతని కుర్చీ పక్కన పెట్టింది. దానికి గలేబు తొడగలేదు. మడతపెట్టిన గలేబు అతని ఒళ్లో వేసి, "మీది మీరే వేసుకోండి" అంది.

దర్జీ దాన్ని తిరగేసి చూడకుండానే దిండుకి తొడిగాడు.