పరుపు మీంచి లేవని మనిషి

మంగళగిరి మెయిన్ బజారులో మా చీరల షాపు ఉంది. షాపుకి గోడలూ బీరువాలూ ఎలాగో మా ఆయన అలాగ. పొద్దున షట్టర్ ఎత్తి, తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారంటే ఇక లేవడం ఉండదు. చీరలు తీసివ్వడానికీ గల్లాపెట్టె చూసుకోడానికీ నేనున్నాను, భోజనం క్యారేజీలో అక్కడికే వస్తుంది. ఆయన లేచేది ఒక్కందుకే. బేరం కుదరని కస్టమర్ చెప్పులు వేసుకుని "వస్తానండీ, పక్క షాపులో చూసుకుంటాను" అంటే మాత్రం, ముప్పై ఏళ్ళుగా కూర్చున్న ఆ మోకాళ్ళు వాటంతటవే లేస్తాయి. ఈ సంగతి కస్టమర్లకు తెలియదు. అప్పటికి వాళ్ళు వీధి వైపు తిరిగి ఉంటారు.

ఆయన తల పైన గోడకి ఒక బోర్డు ఉంది. "ఒకటే ధర. బేరములు లేవు." షాపు పెట్టిన రోజున ఆయనే రాయించారు. దానికి వీపు పెట్టి కూర్చుంటారు కనక అందులో ఏముందో మర్చిపోయారని నా అనుమానం.

మా అమ్మాయి సాయిశ్రీ విజయవాడలో బీకాం చదువుతోంది. కాలేజీలో జూడో క్యాంపు పెడితే సరదాకి చేరింది. తర్వాత ఎవరో స్నేహితురాలు భవానీపురంలో జియుజిట్సు అనే ఇంకో రకం కుస్తీ నేర్పే హాలుకి తీసుకెళ్ళింది. వేసవంతా రెండూ కాస్త కాస్త రుచి చూసింది. ఒంటి నిండా కమిలిన మచ్చలతో ఇంటికొచ్చి, పెళ్ళివారింటి నుంచి వచ్చినదానిలా మొహం వెలిగిపోతూ అన్నం తినేది. ఏదో ఒకటి పూర్తిగా నేర్చుకుంటానని వాళ్ళ నాన్నని అడిగింది.

"శ్రావణమాసం నుంచి కాలేజీ అవగానే వచ్చి నా పక్కన కూర్చో. అదే నేర్చుకో" అన్నారాయన.

పిల్ల ఏడ్చింది. నేను వారం రోజులు ఆయన కూరలో ఉప్పు వెయ్యలేదు. చివరికి దిగొచ్చి, "సరే, రెండు రకాలూ తెప్పించు. పక్కపక్కన పరిచి చూద్దాం" అన్నారు.

ఆషాఢంలో ఒక మధ్యాహ్నం ఇద్దరు మాస్టార్లూ వచ్చారు. జూడో నేర్పే రామకోటేశ్వరరావు గారిది కంకిపాడు, బళ్ళో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. జియుజిట్సు నేర్పే అంతోనికి ముప్పై ఏళ్ళుంటాయి. నేల మీద రాసుకుని రాసుకుని అతని చెవులు రెండూ పునుగుల్లా ముద్దకట్టాయి. ఇద్దరూ చెప్పులు బయట విడిచి, పరుపుకి నమస్కారం పెట్టి మరీ కూర్చున్నారు. మా ఆయనకి ఆ పద్ధతి నచ్చింది.

అప్పటికి షాపులో ఒక్కరే కస్టమర్, శౌరమ్మ గారు. మేనకోడలి పెళ్ళికి నిజాం అంచు చీర కోసం వచ్చారు. చర్చిలో పెళ్ళి కాబట్టి ఆమెకి ఆషాఢంతో పని లేదు.

"చెప్పండి మాస్టారూ, మీ దాంట్లో విశేషం ఏంటి?" అన్నారు మా ఆయన.

"జూడోలో నిలబడి పట్టు పడతామండీ. ఎదుటివాడి బ్యాలెన్సు తప్పించి వెల్లకిలా పడేస్తాం. సరిగ్గా పడితే అక్కడికి ఆట అయిపోయినట్టే. ముందు అమ్మాయికి దెబ్బ తగలకుండా పడటం నేర్పుతాను."

"పడటానికి ఫీజు ఎందుకండీ? మా స్కూటర్ మీద ఊరికే పడొచ్చు. మరి మీది, అంతోని గారూ?"

"మాది పడ్డాక మొదలవుద్దండీ. కింద పడి కూడా ఎలా గెలవాలో నేర్పుతాం. తొందరేం ఉండదు. మెడో చెయ్యో బిగించి కూర్చుంటాం. ఎదుటోళ్ళు తట్టుకోలేక చేత్తో రెండుసార్లు తడితే వదిలేస్తాం."

"అంటే ఆయన దగ్గర పడి మీ దగ్గరికి రావాలన్నమాట. రెండూ కలిపి ఒక రేటుకి రావా?"

ఇద్దరూ రావన్నారు.

"ఎక్కువ మన్నేది ఏదండీ?" అన్నారు శౌరమ్మ గారు, ఆమెనెవరూ అడక్కపోయినా.

దాని మీద మాస్టార్లిద్దరూ వాదన పెట్టుకున్నారు. జూడో నేర్చుకుంటే వీధిలో ఎవడైనా చెయ్యి పట్టుకున్నప్పుడు క్షణంలో పని అయిపోతుందని ఒకరు. అంత క్షణం దొరక్కపోతే ఏం చేస్తారని ఇంకొకరు. జూడో మోకాళ్ళు తినేస్తుందని అంతోని. నీ చెవులు చూసుకోవయ్యా అని మాస్టారు. మా ఆయన చాలాసేపు విని, తీర్పు చెప్పారు.

"మాటలొద్దు. నన్ను ఈ పరుపు మీంచి లేపండి. లేపినవాళ్ళ విద్య మా అమ్మాయి నేర్చుకుంటుంది. ఇద్దరూ లేపలేకపోతే శ్రావణమాసం నుంచి పిల్ల షాపులో కూర్చుంటుంది. ఏమ్మా?"

సాయిశ్రీ నావైపు చూసింది. నేను గల్లాపెట్టె వెనక నుంచి తల ఊపాను. ఇద్దరిలో ఒకరైనా ఈయన్ని లేపకపోతారా అనుకున్నాను.

రామకోటేశ్వరరావు గారు సంచిలోంచి మందపాటి జూడో జాకెట్టు తీసి, మా ఆయన చొక్కా మీద తొడిగారు. మా ఆయన దాని అంచు వేళ్ళతో నలిపి చూసి, నేత బాగానే ఉందన్నారు.

"ఇప్పుడు నిలబడండి హరిబాబు గారూ."

"నిలబడితే మీరు గెలిచినట్టే కదండీ. నేనెందుకు నిలబడతాను?"

కూర్చున్న మనిషిని పడెయ్యడానికి జూడోలో ఏర్పాటు లేదట. మాస్టారు కాలరూ చెయ్యీ పట్టుకుని శక్తి కొద్దీ లాగారు. మా ఆయన లేవలేదు, పరుపుతో సహా కదిలారు. బాసింపట్టు చెదరకుండా షాపంతా ప్రయాణం చేసి నా గల్లాపెట్టె దగ్గరికి వచ్చి ఆగారు. ఎటూ వచ్చాను కదా అని మంచినీళ్ళు అడిగి తాగారు. మాస్టారు ఆయన్ని మళ్ళీ వెనక్కి తోసి, రొప్పుతూ ఒక మూల కూర్చున్నారు.

అంతోని వచ్చి ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఇద్దరూ అలా కూర్చుంటే బేరం మొదలైందనుకుని శౌరమ్మ గారు ముందుకి జరిగారు. అంతలో అతను ఎప్పుడు వెళ్ళాడో వెనక్కి వెళ్ళి, కాళ్ళు నడుం చుట్టూ వేసి, మోచెయ్యి గడ్డం కింద దూర్చాడు.

"ఊపిరాడకపోతే పరుపు మీద తట్టండి సార్."

ఎదుటివాళ్ళు చెప్పిన మాటకి మొదట తానే సరే అనడం మా ఆయన జన్మలో లేదు. మొహం గోధుమ రంగు నుంచి మిరపపండు రంగుకి మారింది. ఆయన మాత్రం చేతికందిన చీర మడత విప్పి, గొంతు రాకపోయినా వేళ్ళతో శౌరమ్మ గారికి ధర చూపించారు. ఆమె ఇంకా తగ్గించమన్నారు. అంతోనికే భయమేసి వదిలేశాడు.

"ఆయన ఆల్రెడీ కిందే ఉన్నారండీ. కిందున్నోళ్ళని లేపడం మా సిలబస్‌లో లేదు" అన్నాడు నాతో, చెమట తుడుచుకుంటూ.

"అయిపోయింది కదమ్మా" అన్నారు మా ఆయన మెడ సవరించుకుంటూ. "శ్రావణం ఇంకో వారంలో వస్తోంది. పక్కన దిండు వేయిస్తాను."

సాయిశ్రీ మాస్టార్లిద్దరినీ, వాళ్ళ నాన్ననీ చూసి, కింద పడ్డ చీరలు మడత పెట్టడం మొదలుపెట్టింది. పంతొమ్మిదో ఏట పెళ్ళయి వచ్చి నేను ఈ గల్లాపెట్టె వెనక కూర్చున్నాను. ఇంకా లేవలేదు. నా కూతురు కూడా కూర్చోవడం నాకు ఇష్టం లేదని ఆ నిమిషంలోనే నాకు స్పష్టంగా తెలిసింది. ఆ ఇద్దరు మగవాళ్ళ మీదా నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక్క మనిషిని లేపలేని వాళ్ళకి ఫీజులెందుకు?

మా ఆయన శౌరమ్మ గారి ముందు ఇంకో చీర పరుస్తున్నారు. పిల్ల ఆఖరి చీర బీరువాలో పెట్టి, గుమ్మం దగ్గరికి వెళ్ళింది. చెప్పుల చప్పుడయింది.

"వస్తానండీ, పక్క షాపులో చూసుకుంటాను" అంది, విసుగెత్తిన కస్టమర్ గొంతుతో.

మా ఆయన లేచారు. ఎవరన్నారో చూడకముందే, ఆలోచన రాకముందే, మోకాళ్ళు లేచాయి. "అమ్మా, ఆగండి, మీ మాటే ఖాయం" అంటూ గుమ్మం వైపు ఒక కాలు ముందుకి వేశారు.

చెప్పులు ఎప్పుడు విడిచిందో, సాయిశ్రీ అప్పటికే పరుపు మీద ఉంది. ఒక చేత్తో కాలరు, ఒక చేత్తో ఆ జూడో జాకెట్టు చెయ్యి పట్టుకుని, వీపు తిప్పి, నడుం వంచింది. తొంభై కిలోల మా ఆయన దాని భుజం మీదుగా వెళ్ళి వెల్లకిలా పరుపు మీద పడ్డారు. బీరువా తలుపులు వాటంతటవే తెరుచుకున్నాయి. ఆయన ఇంకా సర్దుకోకముందే పిల్ల ఆయన చెయ్యి తన రెండు కాళ్ళ మధ్య బిగించి వెనక్కి వాలింది.

"జూడో" అన్నారు రామకోటేశ్వరరావు గారు లేచి నిలబడి.

"ఆ చెయ్యి మాదండీ" అన్నాడు అంతోని.

మా ఆయన వాళ్ళ మాటలు వినిపించుకోలేదు.

"ఆదివారాలు వెళ్ళమ్మా" అన్నారు కింద నుంచి.

"ఊహూఁ."

"పోనీ వారానికి రెండు రోజులు. రెండింట్లో ఒకటే."

సాయిశ్రీ చెయ్యి ఇంకాస్త వంచింది. "పైకి చూడు నాన్నా."

ముప్పై ఏళ్ళలో మొదటిసారి ఆయన తన బోర్డు వైపు మొహం పెట్టి ఉన్నారు. పెదాలు కదుపుతూ ఒక్కొక్క అక్షరమే చదివారు. ఒకటే ధర. బేరములు లేవు. చదివి, కూతురి మొహం చూశారు. అది ఏడుస్తోంది, చెయ్యి మాత్రం వదల్లేదు. ఆయన కళ్ళలో కూడా నీళ్ళు తిరిగాయి, నొప్పికో ఎందుకో నేను ఎప్పుడూ అడగలేదు.

ఖాళీగా ఉన్న చేత్తో పరుపు మీద రెండుసార్లు తట్టారు.

"రెండూ నేర్చుకో" అన్నారు పడుకునే. "ఫీజుల సంగతి మాత్రం వీళ్ళిద్దరితో నేను మాట్లాడతాను."

ఆ మాట వినగానే మాస్టార్లిద్దరూ గుమ్మం బయటికి వెళ్ళి చెప్పులు వేసుకోవడం మొదలుపెట్టారు. అది చూసి మా ఆయన లేచి నిలబడ్డారు.