నర్సమ్మ గదికి అద్దం

కాల్పులు మొదలైన తొలి నెలల్లోనే ఆ వీధిలో పగలని కిటికీ అంటూ మిగల్లేదు. ఆ కిటికీలన్నిటికీ అద్దాలు బిగించిన అద్దాల మామ కొట్టు కూడా ఒక మధ్యాహ్నం ఫిరంగి గుండు పడి నేలమట్టమైంది. మామ ప్రాణాలతో బయటపడ్డాడు గానీ కుడిచేతి వేళ్ళు పోగొట్టుకున్నాడు.

అప్పటినుంచి ఇల్లు లాక్కొచ్చింది ఆయన భార్య అద్దాలత్త. సహాయ సంస్థ పంచిన నీలం ప్లాస్టిక్ పట్టాలను ఇంటింటికీ వెళ్ళి కిటికీలకు కొట్టేది. చంకలో పట్టా చుట్ట, చేతిలో సుత్తి, నోట్లో మేకులు. ఆ మేకులు నోట్లో ఉన్నంతసేపే తనకు మనశ్శాంతి అని మామ అందరితో అంటుండేవాడు. అత్త మేకులు తీసి మరీ జవాబు చెప్పేది.

ఒప్పందం కుదిరి తుపాకులు ఆగాక అద్దాల పని మళ్ళీ పుంజుకుంటుందని ఇద్దరూ ఆశపడ్డారు. ఒక్కరూ గుమ్మం తొక్కలేదు. మళ్ళీ కాల్పులు మొదలైతే గాజు పెంకులు పిల్లల మీద పడవా అని వీధంతా పెదవి విరిచింది. సంస్థ పట్టాలివ్వడం మానేయడంతో ఆ కూలీ కూడా పోయింది. ఒక పూట తిని, రెండో పూట నీళ్ళు తాగి పడుకునే రోజులొచ్చాయి.

అలాంటి రోజుల్లో ఒక ఉదయం నర్సమ్మ వచ్చింది. వీధి చివర ఒంటి గదిలో పురుళ్ళు పోసేది ఆవిడే.

"అత్తా, నా కిటికీకి అద్దం కావాలి," అంది నిలబడే. "ఆ పట్టా వెలుగులో పుట్టిన ప్రతి బిడ్డా నీలంగానే కనిపిస్తోంది. ఊపిరాడక నీలబడిందో, పట్టా నీడో తెలియక, ఒక్కో బిడ్డనీ వీధిలోకి ఎత్తుకెళ్ళి చూసుకుంటున్నాను. చలికాలం వస్తోంది. పచ్చి బిడ్డల్ని చలిగాలిలోకి ఎలా తీసుకెళ్ళను?"

మంచం వెనక, రెండు బొంతల మధ్య, మామ దాచిన అద్దం పలకలు రెండున్నాయి. కొట్టు కూలేనాటికి ఇంట్లో ఉండబట్టి మిగిలినవి అవే. అత్త వాటి వైపు చూడగానే మామ ముఖం మాడ్చుకున్నాడు.

"వాటి జోలికెళ్ళకు. నీ వల్ల కాదు."

"నీ వల్లా కాదుగా. మరి ఎవరి కోసం దాచావయ్యా?"

మామ బయటికి వెళ్ళి అరుగు మీద కూర్చున్నాడు. అత్త ఒక పలకను బల్ల మీద పరిచి, ఆయన అద్దం కోసే కలం తీసి, బలంకొద్దీ గీత గీసింది. విరవబోతే పగులు గీతను వదిలేసి అడ్డదిడ్డంగా పరుగెత్తింది. పలక మొత్తం ముక్కలైంది.

ఆ చప్పుడికి మామ లోపలికొచ్చాడు. తిడతాడనుకుని అత్త కాచుకుంది. ఆయన తిట్టలేదు. వంగి ముక్కల్లో కాస్త పెద్దవి ఏరి బల్ల మీద పెట్టాడు.

"ఒత్తావు. ఒత్తకూడదు. గుడ్డ చిరుగుతున్నట్టు ఒకే తీరుగా చప్పుడు రావాలి. గరగరమందంటే గీత చెడినట్టే. గీసిన చోట మళ్ళీ గీయకు."

ఆ రోజంతా ఆయన స్టూలు మీద కూర్చుని సణుగుతూనే ఉన్నాడు. ఆమె గీస్తూనే ఉంది. పొద్దుగూకేసరికి ముక్కలన్నీ అయిపోయాయి. అత్త నడుం విరిగినంత పనైంది. మర్నాడు రెండో పలక కోసినప్పుడు మాత్రం సణుగుడు ఆగింది. అంచున పెట్టి నొక్కగానే అది టక్కుమని గీత వెంటే రెండుగా విడింది. మామ గట్టిగా ఊపిరి వదిలాడు.

నర్సమ్మ గదిలో పట్టా పీకి, చట్రం సరిచేసి, చుట్టూ పుట్టీ పెట్టి అద్దం బిగించారు. గదంతా ఎండ పరుచుకుంది. నర్సమ్మ మురిసిపోతుందనుకుంటే, గోడలు చూసి నిర్ఘాంతపోయింది. ఇంత మురికిలోనా తను పురుళ్ళు పోస్తున్నదని తనను తానే తిట్టుకుంటూ బకెట్ కోసం పరుగెత్తింది.

నాలుగు రోజులైనా గడవకముందే ఊరి బయట పేలుళ్ళు వినిపించాయి. జనం మంచాల కింద దూరారు. మిగిలిపోయిన గుండ్లను సైనికులు ఒక చోట పోసి పేల్చేస్తున్నారని తరవాత తెలిసింది గానీ, అప్పుడు ఎవరికేం తెలుసు? అత్త నర్సమ్మ గదికి పరుగు తీసింది. మామ అప్పటికే అక్కడున్నాడు, రొప్పుతూ. ఒక్కో పేలుడుకీ అద్దం గజగజ వణికింది. పగల్లేదు.

"పుట్టీ బాగానే పట్టించావే," అన్నాడు మామ. పెళ్ళయినప్పటినుంచి ఆమె పనిని ఆయన మెచ్చుకోవడం అదే మొదలు.

తరవాతి వారం టీ కొట్టు బాబాయి కూతురు ఆ గదిలోనే ఆడపిల్లను కన్నది. మర్నాడు ఉదయం బిడ్డను కిటికీ దగ్గరికి తెచ్చి చూసిన నర్సమ్మకు ఒళ్ళు పచ్చగా కనిపించింది. కామెర్లు. రోడ్డు తెరుచుకుంది గనక ఆ పూటే పెద్దాసుపత్రికి పంపింది. ఇంకాస్త ఆలస్యమైతే చేయి దాటిపోయేదని డాక్టర్లు అన్నారట. బిడ్డ కోలుకుని, అమ్మ ఒళ్ళో నిద్రపోతూ వీధిలోకి తిరిగొచ్చింది.

ఆ సాయంత్రం బాబాయి అత్త గుమ్మంలో నిలబడి నసిగాడు. పసిపిల్ల ఉండే గదికి ఒక అద్దం కావాలని, పెద్దది కాదు, చిన్నదైనా చాలని.

"పెద్దదే పెడదాం లే. పిల్ల వీధంతా చూడాలి," అంది అత్త.

రెండో పలకలో మిగిలిన సగం ఆ ఇంటికే సరిపోయింది. ఈలోగా దర్జీ అడిగాడు, బడి పంతులమ్మ అడిగింది. అద్దాలు రావాలంటే అవతలి పక్షం వాళ్ళ పట్నమే దిక్కు. యుద్ధం మొదలయ్యాక ఈ వైపు వాళ్ళెవరూ అటు వెళ్ళలేదు. అత్తా మామా లారీ ఎక్కి వెళ్ళారు. పాత టోకు వ్యాపారి మామను గుర్తుపట్టి, చేతి వైపు చూసి, ఏమీ అడక్కుండా పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఆ వ్యాపారికి ఒక కాలు లేదు.

తిరుగు ప్రయాణంలో ఇద్దరూ లారీ వెనకే కూర్చున్నారు, గడ్డిలో నిలబెట్టిన పలకలకు చెరోవైపు భుజం ఆనించి. గతుకు వచ్చినప్పుడల్లా అత్త డ్రైవరును ఏడు తరాలూ కలిపి తిట్టింది. కూలిన కొట్టు దగ్గర రాళ్ళు ఎత్తడం రేపే మొదలుపెడదామని, బోర్డు మీద ఈసారి ఆమె పేరే రాయిద్దామని మామ అన్నాడు.

"ముందు పైకప్పు సంగతి చూడు," అంది అత్త, పలకలు కదలకుండా గడ్డి సర్దుతూ.