పైకి లేచిన గీత

1978 ఫిబ్రవరి 12, ఆదివారం. ఆ పూట కామేశం ఇంట్లో ఆవపెట్టిన పనసపొట్టు కూర. నేను తిన్నానని కాదు, ఆ పొట్టు కొన్నప్పుడు ఇచ్చిన చిల్లరలో ఆ ఇంటికి చేరాను. నేను ఒక రూపాయి బిళ్లను. టంకసాలలో రెండు ఉక్కు అచ్చుల మధ్య ఒక్క దెబ్బతో పుట్టాను. కొన్నాళ్లు కండక్టరు సంచీలో, కొన్నాళ్లు పూలమ్మే ఆవిడ కొంగుముడిలో తిరిగాను.

నా మీద ధాన్యపు కంకి పక్కన సన్నని గీత ఒకటుంది. అది పుట్టుకతో వచ్చిందో, తర్వాత తగిలిన దెబ్బో నాకే తెలియదు. పుట్టిన క్షణం ఎవరికి గుర్తుంటుంది?

కామేశం భార్య సుభద్ర నన్ను ఖర్చు పెట్టలేదు. పాలపొడి డబ్బా మూత బిగుసుకుంటే నాతోనే తెరిచేది. ఆవిడ పోయాక కామేశం నన్ను చొక్కా జేబులో వేసుకున్నాడు. దిగులేసినప్పుడల్లా ఆ గీత మీద బొటనవేలు రాసేవాడు. అది మూతలు తెరిచేటప్పుడు సుభద్ర చేతిలో పడ్డ గీతేనని ఆయన నమ్మకం.

ఎదురింటి తాతారావు కాలేజీనాటి స్నేహితుడు, పాత నాణేలు పోగేస్తాడు. మొన్న సాయంత్రం ఆ గీత ఆయన కంట పడింది.

“ఒరేయ్, ఇది టంకసాల తప్పేమోరా! అయితే నాణేల ప్రదర్శనలో పెట్టాల్సిందే,” అన్నాడు.

“తప్పూ లేదు, ఒప్పూ లేదు. అది మా సుభద్ర గీత. ఇటివ్వు.”

“చూస్తే అరిగిపోద్దేంట్రా?”

కామేశం ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

తాతారావు భూతద్దం పెట్టాడు. “గీసుకుంటే లోహం లోపలికి దిగాలి. ఇది గట్టులా పైకి లేచిందిరా! అచ్చుకే పగులుంటే, లోహం ఆ పగుల్లోకి పోయి ఇలా వస్తుంది. పుట్టుకతో వచ్చిందే!”

“అంటే... సుభద్రది కాదా?”

తాతారావు వినిపించుకోలేదు. సంబరంగా నన్ను తిప్పుతూ తిప్పుతూ నొసలు చిట్లించాడు.

“అయ్యో, అంచంతా పాడుచేశారు కదరా! ఇవి మాత్రం తర్వాత పడ్డ దెబ్బలే. నొక్కు పడ్డచోటల్లా లోహం పక్కకి ఒరిగిపోయింది చూడు. దీంతో డబ్బా మూతలేమన్నా ఎత్తారేంటి? ఇంకెందుకు పనికొస్తుంది!”

కామేశం నన్ను లాక్కున్నాడు. అంచు వెంట గోరు నడిపాడు. చిన్న చిన్న నొక్కులు, ఒకదాని పక్కన ఒకటి. ఇన్నేళ్లూ ఎక్కడ తడిమాడు, అవి ఎక్కడున్నాయి! నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ మొదలుపెట్టాడు. నాకూ పాలుపోలేదు. టంకసాల పొరపాటు పడితే అది గొప్ప, ఇల్లాలు వాడుకుంటే లోటు! ఈ మనుషుల తూకం నాకు ఎప్పటికీ అంతుబట్టదు.

“ఇక్కడున్నాయిరా. ఇవన్నీ దానివే,” అన్నాడు కామేశం.

తాతారావు భూతద్దం జేబులో వేసుకున్నాడు.

“అయితే బాగానే పాడుచేసిందిరా మా చెల్లెమ్మ,” అన్నాడు మెల్లగా.

మళ్లీ ప్రదర్శన మాటెత్తలేదు. సాగనంపడానికి లేవబోయిన కామేశాన్ని భుజం నొక్కి కూర్చోబెట్టి, ఆ రాత్రికి వీధి తలుపు తనే చప్పుడు కాకుండా దగ్గరికి వేసి వెళ్లాడు.