గరిక గుంత

కామారెడ్డిలో ఆ గల్లీకి సిమెంటు పోసిన ఏడాది, వాన నీళ్లు ఇంకడానికి తాహేరా తన వాకిట్లో పెద్ద గుంత తవ్వి గరిక నాటింది. పక్కింటి యాదవ్వకు అది చూస్తే గుండెదడ. నడక నేర్చిన తన బిడ్డ అందులో పడుతుందని, పాములు చేరుతాయని పోరుపెట్టి, మొరం మట్టితో పూడిపించింది.

ఆషాఢంలో వాన దంచింది. ఇంకడానికి చోటు లేక గల్లీ నీళ్లన్నీ యాదవ్వ మట్టిగోడకే తగిలాయి. ఆ గోడ పక్కనే బిడ్డ ఉయ్యాల. గోడ అడుగు మెత్తబడి జారుతుంటే, యాదవ్వ బిడ్డను తాహేరా చేతికిచ్చి, పూడిన గుంతను తవ్వడానికి గడ్డపార అందుకుంది.

"ఏందక్కా, బిడ్డ పడ్తదని నువ్వే పూడిపిస్తివి గదా!"

"గుంతల పడితే ఎత్తుకుంటం. గోడ మీద పడితే ఏం జేస్తం, చెల్లె?"

మొరం తోడేకొద్దీ నీళ్లు గుంతవైపు తిరిగాయి. గోడ నిలిచింది. యాదవ్వ మాత్రం ఆ రోజంతా బిడ్డను చంక నుంచి దించలేదు.