ఎర్రబడే గీతలు

ముందుగా ఒక మాట. నాకు అక్షరాలు యాభై తొమ్మిదో ఏట వచ్చాయి. ఒత్తులూ దీర్ఘాలూ ఇప్పటికీ నా మాట వినవు. ఒక్కో పేజీకి రెండు మూడు రోజులు పడుతుంది. తప్పులుంటే సర్దుకుని చదవండి. జరిగింది నాకే గానీ "ఆమె" అని రాస్తున్నాను. "నేను" అని మొదలుపెడితే ప్రతి వాక్యమూ సంజాయిషీలా తయారవుతోంది.

"అమ్మకేముందిలే. అమ్మకి అన్నీ ఒకటే."

కొడుకు ఆ మాట అన్నప్పుడు ఆమె అతని పళ్లెంలో కూర వేస్తోంది. గరిటె ఆగలేదు. మనసు ఎక్కడో గతుక్కుమన్నా అలవాటుపడ్డ చెయ్యి ఆగదు కదా.

శనివారం మధ్యాహ్నం. బల్ల దగ్గర కొడుకు, కోడలు, కొడుకు ఆఫీసు స్నేహితుడు కూర్చున్నారు. మాటలన్నీ ఆట గురించే. "ఏడు కోటలు" అని, ఎక్కడెక్కడి వాళ్లో ఇంటర్నెట్లో కలిసి, తలో వేషం వేసుకుని, జట్లుగా ఆడే ఆట అది. దానికి ఆ వారమే కొత్త భాగం వచ్చింది. పేరు "ఉత్తర తీరం". అది ఎవరికి నచ్చింది, ఎవరికి నచ్చలేదు అని మూడు రోజులుగా ఇంట్లో ఒకటే రగడ.

"కోట మాత్రం అదిరింది" అన్నాడు కొడుకు. అతనిది కత్తి పట్టే వేషం. "లోపలున్నవాడికి మూడు ప్రాణాలు. రెండుసార్లు చంపి హమ్మయ్య అనుకుంటామా, మళ్లీ లేస్తాడు!"

"నీకు కొట్లాట ఉంటే చాలు" అన్నాడు స్నేహితుడు. దొరికిందల్లా ఏరి దాచుకునే మనిషి, అందుకని అతన్ని అందరూ పెట్టెలాయన అంటారు. "నాకు గవ్వలు పడేశారు. రెండొందల రకాలట! సగం ఒకేలా ఉన్నాయి, రంగు మార్చి వదిలారంతే. పచ్చి మోసం."

"మోసం మోసం అంటూనే నూట పది ఏరారుగా" అంది కోడలు. ఆమె ఆడేది మనుషుల కోసం. కనిపించిన వాళ్లందరితో కబుర్లు, ఇల్లు సర్దుకుని పిలవడాలు. "నాకు మేడ ఇచ్చారు సరే. చుట్టుపక్కల ఒక్క ఇల్లు లేదు. పిలవడానికి మనుషుల్లేని మేడ నేనేం చేసుకోను, పావురాలు పెంచుకోనా?"

"అందరికీ నచ్చేట్టు చెయ్యాలని చూస్తే ఇట్లాగే ఏడుస్తుంది" అన్నాడు పెట్టెలాయన.

అప్పుడు కోడలు తలెత్తింది. "అత్తయ్యా, మీకెలా ఉంది కొత్తది?"

ఆమె నోరు తెరిచేలోపే కొడుకు అన్నాడా మాట. అని, ఇంకోటి కూడా చేర్చాడు. "అమ్మది వైద్యం కదా. పాత కోటైనా కొత్త కోటైనా ఆ గీతలు అవే."

గీతలంటే ప్రాణపు గీతలు. తెర ఎడమ పక్కన జట్టులో ఒక్కొక్కరికీ ఒక్కో గీత ఉంటుంది. దెబ్బ తగిలితే పచ్చది పసుపవుతుంది, పసుపు ఎర్రబడుతుంది. వైద్యం చేసే మనిషి ఆ గీతల మీదే కళ్లు పెట్టుకుని, ఎవరిది ఎర్రబడితే వాళ్ల మీదికి కర్ర ఊపాలి. మూడేళ్లయింది ఆమె ఆ పనిలో చేరి. చేరడం ఏమిటి, చేర్చారు. ఆమె పనిచేసేది ఆస్పత్రి బట్టలు ఉతికేచోట, దుప్పట్ల మడత దగ్గర. భోజనాల వేళ యూనియన్ వాళ్లు అక్షరాలు నేర్పుతుంటే వెళ్లి కూర్చుంది. అంతకుముందు ఎప్పుడు బస్సు బోర్డు చదవబోయినా భర్త "నీకెందుకా తంటా, నేనున్నాగా" అనేవాడు. ఆయన పోయాక ఆ "నేనున్నాగా" కూడా పోయింది, బోర్డులు మాత్రం మిగిలాయి. ఆమెకి చదవడం వస్తోందని తెలిసి కొడుకు ఒక టాబ్లెట్ తెచ్చి చేతిలో పెట్టాడు. "రోజూ చదివితేనే వస్తుందమ్మా. ఇందులో బోలెడు చదవొచ్చు." కళ్లలో నీళ్లు తిరిగాయి ఆమెకి. జట్టులో వైద్యం చేసే కుర్రది మానేసి వారమైందని, మనిషి దొరకడం లేదని తర్వాతెప్పుడో తెలిసింది. వేషం అతనే ఎంచాడు, పేరూ అతనే పెట్టాడు, డాక్టరమ్మ అని. నిజం చెప్పొద్దూ, మొదట్లో బాగానే ఉండేది. "అమ్మ లేకపోతే చచ్చేవాళ్లం" అని ముగ్గురూ అరుస్తుంటే ఎవరికి బాగుండదు? కోట గెలిచాక ఎవరు ఎంత గట్టిగా కొట్టారో వరసగా పేర్లు పడతాయి. ఆ వరసలో ఆమె పేరు ఎప్పుడూ అట్టడుగునే, పక్కన సున్నా. కొట్టలేదు కదా మరి.

అన్నీ ఒకటే అన్నాడు. నిజమే. మూడేళ్లలో ఎన్ని కోటలు ఎక్కిందో, ఒక్క దాని గోడ ఏ రంగో చెప్పమంటే చెప్పలేదు.

కానీ మొన్న బుధవారం ఒకటి జరిగింది. ఉతికేచోట బాయిలర్ పాడై పదకొండింటికే ఇంటికి పొమ్మన్నారు. ఇంట్లో ఎవరూ లేరు. ఊరికే చదువుకుందామని టాబ్లెట్ తెరిచింది. జట్టు లేదు కాబట్టి తెర ఎడమ పక్క గీతల్లేవు, ఆమెది ఒక్కటే, నిండుగా, పచ్చగా. ఖాళీగా ఉన్న ఆ జాగాలోంచి ఉత్తర తీరం కనబడింది. తడి ఇసుక, వంగిన గడ్డి, దూరంగా నీళ్లమీద పడి విరిగిపోతున్న వెలుగు. ఆమె నడిచింది. ఎవరో దారిన పోతూ "చీమలా నడుస్తున్నారు, కానీ ఆగట్లేదే!" అని రాసి, నవ్వు బొమ్మ పెట్టి వెళ్లిపోయారు. లోపాలు లేవని కాదు. పటం మీద అక్షరాలు ఆవగింజలంత ఉన్నాయి. నీళ్లు మోకాళ్లు దాటితే ముందుకి పోనివ్వదు. ఒక వంతెన సగంలో గాల్లో తేలుతోంది. అయినా ఒడ్డున ఒక ముసలాయన బొమ్మ ఉంది, అతని దగ్గర కొత్త వృత్తి ఉంది: బాటసారి. ఎవర్నీ కొట్టక్కర్లేదు, ఎవరికీ మందెయ్యక్కర్లేదు. నడిచిన నేలంతా పటంలో గీసుకుంటూ పోవడమే పని. మొదటి ఏడు రోజుల్లో ఎవరైనా వచ్చి వేషం మార్చుకోవచ్చు, ఆదివారం సాయంత్రం ఆరు దాటితే ఇక మార్చరు అని అక్కడ రాసి ఉంది. రెండుసార్లు కూడబలుక్కుని చదివింది.

అప్పటినుంచి కాలు నిలవడం లేదు. దుప్పటి రెండో కొస పట్టుకునే ఇస్త్రీ ఆవిడ విసుక్కుంది. "ఏంటక్కా, నాలుగు మూలలూ కలపకుండా నాట్యం చేస్తున్నావ్? చీమలేమన్నా పాకాయా?" ఏమని చెబుతుంది? ఎక్కడో ఆ ఆట తయారుచేసే ఆఫీసులో మొహం తెలియని వాళ్లు కూర్చుని, ఊరికే నడవాలనుకునే మనిషి కూడా ఒకరు ఉంటారు అని అనుకున్నారు. ముప్పయ్యేడేళ్లు కలిసి బతికిన ఇంటివాళ్లకి ఆ ఆలోచన రాలేదు. దీన్ని ఇస్త్రీ పెట్టె పక్కన నిలబడి ఎట్లా చెప్పాలి?

ఆదివారం నాలుగింటికి మళ్లీ ఆ కొత్త కోట. హాల్లో కొడుకూ కోడలూ పెద్ద తెరల ముందు, పెట్టెలాయన తన ఇంటినుంచి ఫోన్‌లో. ఆమె వంటింట్లో స్టూలు మీద కూర్చుంది, పొయ్యి మీద ఉడికేది చూసుకోవడానికి వీలుగా ఉంటుందని. రెండు ప్రాణాలు తీశారు. మూడోసారి వాడు లేచాడు. గీతలు పసుపయ్యాయి. సరిగ్గా అప్పుడు వాడు గోడకి ఒక దెబ్బ వేశాడు, గోడ కూలింది. ఆ కంతలోంచి సముద్రం కనబడింది.

ఆమె చూసింది.

నిజం సముద్రం దగ్గరికి ఒకసారి వెళ్లింది, పెళ్లయిన కొత్తలో, అత్తవారింటి వాళ్లందరితో. "అందరం దిగితే సామాన్లెవరు చూస్తారు? నువ్వు కూర్చో, నీకు నీళ్లు పడవుగా" అన్నారు అత్తగారు. పడవని ఎవరు చెప్పారో ఆమెకి ఇప్పటికీ తెలియదు. సంచులు లెక్కపెట్టుకుంటూ, వచ్చినవాళ్లకి తువ్వాళ్లు అందిస్తూ కూర్చుంది. నీళ్ల చప్పుడు మాత్రం వీపు వెనక వినబడింది.

"అమ్మా! నేను ఎర్ర! అమ్మా! ... పోయాను!" హాల్లోంచి కేక. "ఏం చూస్తున్నావమ్మా అసలు?"

"సముద్రం."

ఫోన్‌లో పెట్టెలాయన పకపకా నవ్వాడు. కొడుకు వంటింటి గుమ్మం దాకా వచ్చాడు. మొహం కందిపోయింది. "వారం నుంచి చూస్తున్నానమ్మా దీన్ని గెలవాలని. నువ్వు అటూ ఇటూ చూడకుండా నీ పని చూసుకుంటే చాలు, అంతకంటే ఏమడిగాను?" అంటున్నవాడు కొడుకే, కానీ గొంతు వాళ్ల నాన్నది. ఆమెకి కోపం రాలేదు. భయమేసింది. తను మూడేళ్లుగా కర్ర ఊపి ఊపి నిలబెట్టింది ఈ గొంతునేనా అనిపించింది.

"సర్లే, టీ పెట్టు. తాగి మళ్లీ వెళ్దాం" అని అతను హాల్లోకి వెళ్లిపోయాడు.

అయిదు నలభై. ఆమె టీ పెట్టలేదు. ఒడ్డున ఉన్న ముసలాయన దగ్గరికి వెళ్లింది. తెర మీద వాక్యం వచ్చింది. వేలు పెట్టి చదివింది: "మీ జట్టు వైద్యాన్ని కోల్పోతుంది. మళ్లీ మార్చుకోలేరు. నిశ్చయమేనా?"

కోడలు ఖాళీ కప్పులతో వచ్చి, తెర చూసి, ఆగిపోయింది. తర్వాత నెమ్మదిగా అంది. "అత్తయ్యా, మీరు మానేస్తే ఆ కర్ర నా చేతికే వస్తుంది. తెలుసుగా?"

తెలుసు. బుధవారం నుంచి ఆమె కాలికి అడ్డుపడుతున్నది అదే. ఈ పిల్ల మాత్రమే ఎలా ఉంది అని అడిగింది, ఆ పిల్ల మీదికే తోసేసి పోవడం ఏం న్యాయం? తన అత్తగారు గరిటె తన చేతికిచ్చి మంచమెక్కిన రోజు గుర్తుంది. ఆ ముఖంలోని ఆనందమూ గుర్తుంది.

"వాడు నీకివ్వబోతాడు" అంది ఆమె. "నువ్వు చెయ్యి చాపకు."

"కింద పడుతుంది కదా?"

"పడనీ. కావాల్సిన వాడు వంగి తీసుకుంటాడు."

కోడలు కప్పులు గట్టు మీద పెట్టింది. నవ్వుదామా వద్దా అన్నట్టుంది ముఖం. ఆ తర్వాత చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నిలబడింది.

"అమ్మా, అయిందా టీ?"

"మీరు వెళ్లండి నాన్నా కోటకి. నేను ఒడ్డు వెంట వెళ్తున్నా."

"ఒక్కదానివా? నీకు దారి తెలీదుగా!"

"తెలీదు" అంది ఆమె, నిశ్చయమే అన్నచోట వేలు నొక్కుతూ.

కొత్త వేషానికి పేరు అడిగింది ఆట. ఈసారి పక్కన ఎవరూ చెప్పేవాళ్లు లేరు. ఒక్కో అక్షరం వెతుక్కుని పెట్టుకుంది.

ఇట్లు,
చీమ. అరవై మూడేళ్లు. ఇప్పుడు ఉంటున్నది బస్సు డిపో ఎదురుగా, మేడ మీద, నా పేర అద్దెకి తీసుకున్న గదిలో. ఒక మంచం, ఒక కుర్చీ, ఒక పళ్లెం.