తొలి ముద్ద

"ఉరుకు బిడ్డా! ఉరుకు!"

సత్యవ్వ మనవరాలి చెయ్యి పట్టుకుని లాగుతోంది. వెనక బూట్ల చప్పుడు. నక్సలైట్లు, జనం నోట అన్నలు, పిలిచిన బంద్‌తో సిరిసిల్ల అట్టుడుకుతోంది. ఊరేగింపు మీద పోలీసులు విరుచుకుపడ్డారు. జనం కళ్లు మూసి తెరిచేలోగా సందుల్లోకి మాయమయ్యారు. చుట్టాలింటి నుంచి తిరిగొస్తూ చిక్కుకున్న ఇద్దరే నడిబజారులో మిగిలారు. అరవై దాటిన సత్యవ్వ, తొమ్మిదేళ్ల రాజమణి.

"నాతోని కాదు బాపమ్మా..."

రాజమణి కూలబడింది. ముఖం ఎర్రబడింది, ఊపిరి అందడం లేదు. సత్యవ్వ ఆమె మీదకు వంగి తన వీపు అడ్డం పెట్టింది. ఒక కానిస్టేబుల్ ఎత్తిన లాఠీ గాల్లోనే ఆగింది.

"లేపుకపో ముసల్దానా!"

లేపడం సత్యవ్వ వల్ల కాలేదు. చివరికి ఆ కానిస్టేబులే చెయ్యి వేసి పిల్లను అరుగు మీదికి చేర్చాడు.

మర్నాడు పొద్దున్నే సత్యవ్వ కొడుకు మార్కండేయులు కూతుర్ని, తల్లిని తీసుకుని వేములవాడ మీదుగా జగిత్యాల బస్సెక్కాడు. అక్కడ డాక్టరమ్మ పరీక్షలన్నీ చేయించింది.

"గుండె మంచిగుంది, రక్తం మంచిగుంది. కానీ తొమ్మిదేండ్లకు నలభై ఎనిమిది కిలోలేంది? బయట ఆడుతదా?"

"గేటు దాటనియ్యం అమ్మా. ఒకదిక్కు అన్నలు, ఒకదిక్కు పోలీసులు" అన్నాడు మార్కండేయులు. అంతలోనే మీసం కింద నవ్వాడు. "అయినా మా వాడకట్టుల గిసోంటి బొద్దు బిడ్డ ఎవలకున్నదమ్మా?"

డాక్టరమ్మ నవ్వలేదు. "గిట్లనే పెరిగితే ఇంకో ఏడాదికి మెట్లు గూడ ఎక్కలేకపోతది. ఇంట్ల ఎవలో అడ్డగోలుగ పెడుతున్నరు. ఎవలో పట్టుకోండ్రి."

ఆ రోజు నుంచి మూడు పూటలూ కోడలు ఇంద్రమ్మ కొలిచి వడ్డించింది. పదిహేను రోజులయ్యాక పిల్లను నూలు తూచే కాంటా మీద నిలబెట్టారు. నలభై తొమ్మిదిన్నర!

"నువ్వే చాటుకు పెడుతున్నవే" అంది సత్యవ్వ.

"నేనా? నీ కొంగుల బెల్లంముక్క లేని రోజున్నదా అత్తమ్మా?"

"నా కొంగు దులిపి చూసుకో!"

ఇంద్రమ్మ నిజంగానే దులిపి చూసింది. పోకచెక్క తప్ప ఏమీ రాలలేదు.

ఇంట్లో కాదంటే గేటు లోపలే ఉన్న మార్కండేయులు మరమగ్గాల షెడ్డులోనే. సాంచాలని పిలిచే మగ్గాలు ఇరవై నాలుగు, కార్మికులు ఆరుగురు. మధ్యాహ్నం సాంచాలు బందుపెట్టి వాళ్లు అన్నానికి కూర్చుంటే యజమాని ఇంటి ఆడవాళ్లు అటు తొంగిచూడరు. పనిచేసేవాళ్లు మొహమాటం లేకుండా తినాలని వాడకట్టులో అందరూ పాటించే మర్యాద. సత్యవ్వ ఆ రోజు ఆ మర్యాదను తప్పింది. నూలు కండెల బస్తాల వెనక నక్కింది.

మోటార్లు ఆగాయి. ఆరు టిఫిన్లు తెరుచుకున్నాయి. రాజమణి వచ్చింది.

"రా బిడ్డా, నీకోసం ఆమ్లెట్ ఏయించిన" అన్నాడు ఎల్లారెడ్డిపేట సాయిలు.

"నిన్న నీదేగా తిన్నది! ఇయ్యాల నా పప్పు ముందు" అన్నాడు పక్కనున్న ఎల్లేశం.

పిల్ల వరసగా ఆరుగురి దగ్గరా కూర్చుంది. ముద్ద అన్నది పేరుకే. ఒక్కొక్కరిదీ పావు టిఫిను.

"దొరికిండ్రు!" అంటూ సత్యవ్వ బయటికొచ్చింది.

సాయిలు చేతిలో ముద్ద ఆగిపోయింది. "సేటే చెప్పిండు పెద్దవ్వా. నా షెడ్డుల తొలి ముద్ద రాజమణికే అన్నడు. రెండేండ్లాయె."

"డాక్టరమ్మ వద్దన్నదని చెప్పలేదా?"

"మాకెవలూ చెప్పలే."

అప్పుడే గుమ్మంలోకి వచ్చిన మార్కండేయులు ఆగిపోయాడు. సత్యవ్వ అతని వైపు తిరిగింది.

"ఎందుకు చెప్పలేదురా?"

"ఎట్ల చెప్తనే అవ్వా?" అతని గొంతు పెరిగింది. "చిన్నప్పుడు నువ్వు పరాయి షెడ్డుల కండెలు చుడుతుంటే పగటియాల్ల గుమ్మంల నిలవడేటోన్ని. అందరు తింటుంటే చూసేటోన్ని. ఒక్కడు తలెత్తలే. ఇయ్యాల నా బిడ్డకు ఆరుగురు పోటీపడి పెడుతుంటే నా ఛాతి ఉబ్బుతది!"

"నాదీ ఉబ్బుతది. నాలుగు సాంచాలను ఇరవై నాలుగు చేసినవు. నీ షెడ్డుల ఎవడూ ఉపాసం ఉండడు. నా కొడుకని ఊరంత చెప్పుకుంట." సత్యవ్వ దగ్గరికి వచ్చింది. "కానీ దానికి ఆకలెక్కడిదిరా? ఆ ఆకలి నీది."

రాజమణి మెల్లగా అంది. "కడుపు నిండినా తింటున్న బాపూ. తినకుంటే సాయిలు మామ చిన్నబుచ్చుకుంటడని."

సాయిలు లేచి నిలబడ్డాడు. "తప్పు మాదే సేటు."

మార్కండేయులు కూతురి తల నిమిరాడు. తర్వాత షెడ్డు మధ్యకు నడిచి, తలెత్తి, గేటు దగ్గరున్న ఇంద్రమ్మకు కూడా వినపడేలా అన్నాడు.

"మీది కాదు సాయిలూ. ఇంద్రది కాదు, అవ్వది కాదు. గేటుకు గొళ్లెం బెట్టింది, ముద్దలు బెట్టించింది ఒక్కడే. నా బిడ్డను గిట్ల జేసింది మార్కండేయులు."